కందిపప్పుకి చందా కట్టొచ్చా?

మొన్న ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర, మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఒక ప్రశ్న వేశాడు. వాళ్ళ అమ్మానాన్నలు పీలేరు వైపు ఉంటారు. "అన్నా, ఇంటికి నెలనెలా సరుకులు వాటంతటవే వెళ్ళిపోయేలా సబ్‌స్క్రిప్షన్ పెట్టేద్దామనుకుంటున్నా. పది శాతం దాకా తగ్గుతుంది, నాన్నకి సంచులు మోసే బాధ తప్పుతుంది. గిట్టుబాటేనంటావా?"

అవును అనో కాదు అనో ఒక్క ముక్కలో చెప్పేసి పెరుగన్నం తినుండొచ్చు. కానీ ఈ విషయంలో నేను రెండున్నరేళ్ళ అనుభవజ్ఞుణ్ణి. పైగా చేతులు కాల్చుకున్నవాణ్ణి. అక్కడ సగం చెప్పేసరికి మీటింగుకి పిలుపొచ్చింది. మిగతా సగం ఇక్కడ చెప్తున్నా.

ముందు ఒక మాట. సబ్‌స్క్రిప్షన్ అనేదేదో అమెరికావాడు కనిపెట్టి మనకి పంపిన వస్తువు కాదు. అమెజాన్ వాడు అమెరికాలో 'సబ్‌స్క్రైబ్ అండ్ సేవ్' మొదలెట్టింది 2007లో. మా మదనపల్లె ఇంట్లో అప్పటికి ఎన్నో ఏళ్ళుగా మూడు సబ్‌స్క్రిప్షన్లు నడుస్తున్నాయి. పొద్దున్నే పేపరు. దాని వెనకే పాలు. మూడోది వీధి చివర శెట్టి అంగడిలో పద్దు పుస్తకం. ఒకటో తారీఖు నాయన (హైస్కూల్లో మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు) జీతం తీసుకుని అంగడికి పోయి, పాత పద్దు కట్టేసి, కొత్త చీటీ ఇచ్చి వచ్చేవాడు. సాయంత్రానికి సరుకులు ఇంటికొచ్చేవి. ఇక రేషన్ కార్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1983లో రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పట్నుంచీ, ఆంధ్రదేశంలో కోట్లమందికి నెలనెలా తప్పకుండా అందే సరుకు అదే కదా. కాబట్టి మనకి ఇది కొత్తేం కాదు. కొత్తదల్లా, మధ్యలో మనిషి లేకపోవడం.

మా ఇంటి కథ 2021 మే నెలలో మొదలైంది. కోవిడ్ రెండో అల ఎలా ఉండిందో మీకందరికీ గుర్తే. నేను బెంగుళూర్లో ఇరుక్కుపోయి ఉన్నా. మదనపల్లె నూట ఇరవై కిలోమీటర్లు. మామూలు రోజుల్లో హోస్కోట, చింతామణి మీదుగా మూడు గంటల్లోపే వెళ్ళిపోతాను. ఆ నెలలో అది అమెరికా అంత దూరమైపోయింది. నాయనకి షుగరు, వయసు డెబ్భై దాటింది. "అంగడికి పోవద్దు నాయనా" అని ఫోన్లో చెప్తే "సరేలే" అనేవాడు. సాయంత్రం అమ్మకి చేస్తే "మీ నాయన అంగడికి పోయినాడు" అనేది.

దాంతో కూర్చుని ఒక పెద్ద సైటులో నెలవారీ సబ్‌స్క్రిప్షన్ పెట్టాను. నాయన దగ్గర్నుంచి పద్దు పుస్తకం ఫోటోలు తెప్పించుకుని, ఆర్నెల్ల సగటు తీసి, ఎక్సెల్ షీటు వేసి మరీ (నవ్వకండి, మనమంతా అదే జాతి) పదకొండు వస్తువులు ఖాయం చేశాను. కందిపప్పు రెండు కిలోలు, ఉద్దిపప్పు కిలో, నూనె మూడు లీటర్లు, బట్టల సబ్బుపొడి, గిన్నెల సబ్బు, టీపొడి, నాయనకి చక్కెర లేని బిస్కెట్లు నాలుగు ప్యాకెట్లు, ఇలా. నెలకి దాదాపు 2,800 రూపాయలు. తగ్గింపు పోను ఆదా ఓ 280. ఏడాదికి మూడు వేల మూడొందలు. నెల మొదటి వారంలో డబ్బా ఇంటికి చేరేది, నా ఫోన్లో ఆకుపచ్చ టిక్కు పడేది.

నిజం చెప్పాలి కదా, ఆ ఏడాదంతా అది బ్రహ్మాండంగా పనిచేసింది. నాయన బయటికి పోవడం తగ్గింది. నాకు రాత్రి నిద్రపట్టింది. అప్పుడు ఎవరైనా "గిట్టుబాటేనా" అని అడిగుంటే, రెట్టింపు డబ్బులు పెట్టినా గిట్టుబాటే అని చెప్పుండేవాణ్ణి. ప్రతి నెలా నాయన ఫోన్ చేసి "ఈ తూరి ఉద్దిపప్పు నలకలుగా ఉండాది రా, శెట్టి అంగడిలో అయితే వాడి మొహాన కొట్టి మార్చుకోనుంటాను" అని తిట్టేవాడు. నాకు విసుగొచ్చేది. రేటింగ్ ఒక స్టార్ ఇవ్వమనేవాణ్ణి. ఇప్పుడనిపిస్తుంది, ఆ తిట్లు కూడా ఆ డబ్బాతోపాటు వచ్చే సరుకేనని.

2023 అక్టోబరు చివర్లో నాయన పోయాడు.

కర్మలయ్యాక నేను బెంగుళూరు వచ్చేశాను. అమ్మని రమ్మంటే రానంది. "కొన్నాళ్ళు ఈడే ఉంటాను రా, ఇల్లు ఊరికే పెట్టకూడదు" అంది. నేను పనిలో పడ్డాను. నెల మొదటి వారంలో ఫోన్లో ఆకుపచ్చ టిక్కు. నవంబరు టిక్కు. డిసెంబరు టిక్కు. జనవరి టిక్కు. అమ్మకి సరుకులు అందుతున్నాయి, అంతా బాగానే ఉంది అనుకున్నా. సబ్‌స్క్రిప్షన్ మార్చాలన్న ఆలోచనే రాలేదు. రాలేదు అంటే... ఆ బిస్కెట్ల వరస తీసేయాలంటే యాప్ తెరవాలి. తెరిస్తే ఆ పేరు కనపడుతుంది. రేపు చేద్దాంలే అనుకుంటూ వదిలేశాను.

2024 సంక్రాంతికి మదనపల్లె వెళ్ళాం. ఆ ఏడు మాకు పండగ లేదు. పిల్లలకి సెలవులున్నాయి కదా అని అమ్మ దగ్గరికి వెళ్ళామంతే. మా అక్క కూడా పుంగనూరు నుంచి వచ్చింది. (ఆ వారమే మన ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకి మేత పెడుతున్న ఫోటోలు దేశమంతా తిరిగాయి. మా అక్కని ఆఫీసులో జనం "మీ ఊరి ఆవు పాలు ఎంతండీ" అని ఒకటే అడగడం. వాళ్ళింటికి పాలు పోసేది జెర్సీ ఆవని చెప్తే ఎవరూ నమ్మలేదట! పుంగనూరు పొట్టి ఆవులు పుంగనూర్లో కంటే ఫోన్లలోనే ఎక్కువ కనపడతాయి మరి.)

రెండో రోజు దుప్పటి కోసం మా ఆవిడ నాయన మంచం కింద ఉన్న ట్రంకు పెట్టె లాగింది. పెట్టె వెనకాల అట్టడబ్బాలు. ఒకదాని మీద ఒకటి, ఒద్దికగా సర్ది, పాత పంచె కప్పి ఉన్నాయి. సబ్బుపొడి ఏడు ప్యాకెట్లు. నూనె అయిదు లీటర్లు. కందిపప్పు ఆరు కిలోలు, అందులో రెండు కిలోలు పురుగు పట్టింది. చక్కెర లేని బిస్కెట్లు పన్నెండు ప్యాకెట్లు. మూడు నెలలవి. ఒక్కటీ విప్పలేదు.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"ఒక్కదాన్ని ఎన్ని కందిబేడలు తినేది రా?"

"మరి నాకు చెప్పొచ్చు కదా, ఆపేసేవాణ్ణి."

"నువ్వు అంత దూరం నుంచి పంపిస్తా ఉండావు. వద్దంటే ఏమనుకుంటావో ఏమో అని."

"ఆ బిస్కెట్లన్నా ఎవరికన్నా ఇచ్చేసుండొచ్చు."

దానికి అమ్మ మాట్లాడలేదు. కాసేపాగి, "ఇద్దామనే తీసినాను. చెయ్యాడలా" అని లోపలికి పోయింది.

ఇంకో సంగతి మా అక్క చెప్పింది. ఈ మూడు నెలలూ అమ్మ శెట్టి అంగడికి వెళ్తూనే ఉందట. అరకిలో బేడలు, పావుకిలో చింతపండు, చెనక్కాయలు, అలా కొంచెం కొంచెం. ఇంట్లో ఆరు కిలోలు పెట్టుకుని! ఎందుకంటే అది ఆమె బయటికెళ్ళే ఒకే ఒక్క పని. దారిలో నలుగురు పలకరిస్తారు. ఇక శెట్టి సంగతి. నాయన పోయిన తర్వాతి నెల అమ్మ వెళ్ళేసరికి, ఆయన ఏమీ అడక్కుండానే అన్నీ సగం సగం కట్టి ఇచ్చాడట. కోవిడ్ నుంచీ మేం ఆయన దగ్గర పెద్దగా కొనలేదు. అయినా ఆయనకి తెలిసింది. నేను కొడుకుని, ఇంట్లో ఒక మనిషి తగ్గాడని నా లెక్కకి మాత్రం తెలియలేదు.

దీనికి సబ్‌స్క్రిప్షన్‌ని తిట్టి లాభం లేదు. అది నేను చెప్పిన పని చెప్పినట్టు చేసింది. మన భాషలో చెప్పాలంటే అది ఒక క్రాన్ జాబ్. నెలకోసారి నడుస్తుంది. ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు, అల్మారాలో ఎంతుంది అని చూడదు. మనం రాసే క్రాన్ జాబులకి అంతకుముందు పని పూర్తయిందో లేదో చూసుకోవాలని లాక్ పెడతాం, తేడా వస్తే అలర్ట్ పెడతాం. ఇంటి సరుకులకి పెట్టిన జాబుకి మాత్రం 'విజయవంతంగా డెలివరీ అయింది' అన్న లాగ్ చూసి తృప్తిపడ్డాను. డెలివరీ అయింది సరే, వాడారా? ఆ సమాచారం వెనక్కి వచ్చే దారే లేదు. అంతకుముందు ఆ దారి నాయన తిట్లు. అవి ఆగిపోయాక నిశ్శబ్దాన్ని నేను 'అంతా ఓకే' అని చదువుకున్నాను.

ఇక్కడ ఇంకో చిక్కుంది. నా ఇంటికి నేను తెప్పించుకుంటే ఎంచుకునేదీ, డబ్బు కట్టేదీ, వాడేదీ నేనే. ఎక్కువైతే కళ్ళకి కనపడుతుంది, ఆపేస్తాను. అమ్మానాన్నలకి పంపేటప్పుడు ఎంచుకునేది, కట్టేది మనం, వాడేది వాళ్ళు. ఖాతా మన ఫోన్లో ఉంటుంది. ఆపే మీట వాళ్ళ చేతిలో ఉండదు. ఉన్నా నొక్కరు, కొడుకు నొచ్చుకుంటాడని.

మీలో చాలామందికి టయోటావాళ్ళ కాన్‌బాన్ తెలుసు. మనం గోడమీద రంగు కాగితాలు అతికిస్తుంటామే, దాని అసలు రూపం. అమెరికా సూపర్ మార్కెట్లలో అరలో సరుకు ఎంత తగ్గితే అంతే నింపే పద్ధతి నుంచి తైఇచి ఓనో దానికి స్ఫూర్తి పొందాడు. అంటే వాడకం ముందు, సరఫరా వెనక. ముందే అంచనా వేసి తోసెయ్యడం కాదు, ఖాళీ అయ్యాక లాగడం. ఇది మన ప్రతి ఇంట్లోనూ ఒకచోట ఉంది, గమనించారా? గ్యాస్ సిలిండర్లు! ఒకటి పొయ్యికి, ఒకటి పక్కన. మొదటిది అయిపోగానే రెండోది తగిలించి బుక్ చేస్తాం. ఇల్లు ఎంత వాడితే అంతే వస్తుంది. ఊరెళ్తే ఆగుతుంది, చుట్టాలొస్తే తొందరగా వస్తుంది. ఎవరికీ ఎక్సెల్ షీటు అక్కర్లేదు. శెట్టి అంగడి చేసేదీ అదే. వీధి చివరే ఉన్న రెండో సిలిండర్ లాంటిది అది.

సరే, ఆ రాత్రే కూర్చుని అన్నీ ఆపేద్దామనుకున్నా. పదకొండు వస్తువులు పదకొండు చోట్ల ఉన్నాయి. ఒక్కోదానికి నాలుగు తెరలు. 'నిజంగానే ఆపాలనుకుంటున్నారా?', 'ఒక నెల వాయిదా వేసుకోండి', 'మీ ఆదా కోల్పోతారు', 'కారణం చెప్పండి'. కారణాల జాబితాలో 'ధర ఎక్కువ', 'ఇంకోచోట కొంటున్నా', 'ఇక అవసరం లేదు' ఉన్నాయి. బిస్కెట్లకి మూడోది నొక్కాను. నొక్కగానే 'మళ్ళీ ఎప్పుడైనా అవసరమైతే మేమున్నాం' అని ఒక పసుపుపచ్చ నవ్వు మొహం వచ్చింది. ఫోన్ పక్కన పడేసి బయటికెళ్ళి కాసేపు నిలబడ్డాను.

సిగ్గు విడిచి చెప్పుకోవాల్సిందొకటుంది. అలాంటి తెరలు నేనూ కట్టాను. చాలా ఏళ్ళ కిందట ఒక విదేశీ క్లయింటుకి. 'వదిలిపోయేవాళ్ళని' ఎంత శాతం తగ్గించామో స్లైడు వేసి చప్పట్లు కొట్టించుకున్నాం. ఆ శాతంలో ఇలాంటి మంచాల కింద డబ్బాలు ఎన్నున్నాయో ఎవరికి తెలుసు? మన దగ్గర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో మోసపూరిత డిజైన్లు పదమూడింటిని పేర్కొంది. అందులో 'సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు' ఒకటి. చేరడం సులువు, బయటపడటం కష్టం అన్నమాట. అంతకుముందే 2021 అక్టోబరు 1 నుంచి, కార్డు మీద నెలనెలా తనంతట తాను కోసుకునే డబ్బుకి ఇరవైనాలుగు గంటల ముందు కబురు చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన అమల్లోకొచ్చింది. నిబంధనలున్నాయి. కానీ ఆ కబురు నాకూ వచ్చేది. నేనే వేలితో పక్కకి తోసేసేవాణ్ణి. చదవని మనిషిని ఏ నిబంధనా కాపాడదు.

ఇదంతా ఒక్క ఇంటి గోల అనుకుంటే, రాష్ట్రం మొత్తం మీద ఇదే ప్రయోగం జరిగింది. 2021 జనవరి 21న ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ సరుకులు ఇంటి దగ్గరికే తెచ్చిచ్చే బళ్ళు ప్రారంభించారు. మొత్తం 9,260 బళ్ళు. కాటా, మిషను అన్నీ బండిలోనే. నాలుగేళ్ళు నడిచాయి. ప్రభుత్వం మారాక, 2025 జూన్ 1 నుంచి వాటిని ఆపేసి మళ్ళీ రేషన్ షాపుల్లోనే ఇస్తున్నారు. బియ్యం పక్కదారి పడుతోందనేది ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఒకటి. రాజకీయం జోలికి నేను పోను, అటూ ఇటూ తిట్టుకోవడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి. నాకు కావలసింది వాడేవాళ్ళ మాట.

పుంగనూర్లో మా అక్క ఇంట్లో పనిచేసే ఆమెని అడిగాను. "బండి ఎప్పుడొస్తాదో మాకేం తెలుసన్నా? పొద్దున్నే వస్తాదంటారు, పదకొండుకి వస్తాది. ఆ పూట పని పోగొట్టుకోని వీధిలో కాచుకోనుండాల. మనం లేనప్పుడు వచ్చి పోయిందనుకో, మళ్ళీ వాని వెనకాల తిరగాల." అంది. ఇప్పుడు షాపు నెలలో 1 నుంచి 15 దాకా, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తెరవాలి. పని ముగించుకుని సాయంత్రం పోయి తెచ్చుకుంటుంది. ఆమె లెక్కలో ఇదే మేలు. అదే ఇంట్లో మంచం దిగలేని అత్త ఉంది. ఆమె మాత్రం "బండే బాగుండె నాయనా, వాకిట్లోకి వచ్చేది, నలుగురు మాట్లాడతా ఉండిరి" అంది. ఇప్పటి పద్ధతిలోనూ 65 ఏళ్ళు దాటినవాళ్ళకీ, వికలాంగులకీ ఇంటికే తెచ్చివ్వాలని పెట్టారు.

నాకు ఆ అమరిక కాగితం మీద సరైనదిగా తోస్తుంది. అందరికీ అంగడి, కదల్లేనివాళ్ళకి వాకిలి. ఇంటికి తెచ్చివ్వడం గొప్పా కాదా అని కాదు ప్రశ్న. ఎవరి సమయాన్ని ఎవరు ఖర్చు చేస్తున్నారు అనేది. ఇంట్లో ఉండి ఎదురుచూడగలిగేవాళ్ళకి 'డోర్ డెలివరీ' సుఖం. రోజుకూలి మనిషికి అది అరపూట జీతం.

ఇక ధర సంగతి. ఇది కుప్పంలో మా బామ్మర్ది చేతులు కాల్చుకున్న కథ. కుప్పానికి కొత్త పరిజ్ఞానం కొత్తేం కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్ళు తమ 'ఐ-కమ్యూనిటీ' ప్రయోగానికి ఎంచుకున్న ఊరు అది. అంతకుముందే ఇజ్రాయెల్ పద్ధతి డ్రిప్పు సేద్యం అక్కడ చూసిందే. పక్కనే కర్ణాటక, తమిళనాడు. పొద్దున రైలెక్కి బెంగుళూర్లో పనికెళ్ళి రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు అక్కడ చాలామంది. మావాడు కూడా అలా తిరిగి తిరిగి విసిగి, 2022లో కూరగాయల చందా మొదలెట్టాడు. వైట్‌ఫీల్డులో ఇరవై ఇళ్ళు. వారానికో బుట్ట, అయిదు కిలోలు, ఖాయంగా 399 రూపాయలు. రైతుల దగ్గర నేరుగా కొనడం, శనివారం పొద్దున బండిలో తేవడం. ఏడాది బాగా నడిచింది.

2023 జూలై వచ్చింది. టమేటా! మా మదనపల్లె మార్కెట్ పేరు ఢిల్లీ టీవీల్లో రోజూ వినపడిన నెల అది. నెల చివరికి మొదటి రకం కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి పోయింది. బుట్టలో కిలో టమేటా ఉండాలి, బుట్ట ధర 399. మావాడు రైతుని పాత రేటుకి ఇవ్వమని అడగలేడు. ఏళ్ళ తరబడి పంట రోడ్డు మీద పారబోసుకున్న రైతుకి ఒక్క నెల వెలిగింది, ఇచ్చేస్తాడా? మూడు వారాలు చేతి నుంచి పెట్టుకున్నాడు. నాలుగో వారం 'టమేటా అరకిలోనే' అని మెసేజి పెట్టాడు. "మేం చందా కట్టింది ఎందుకు మరి?" అని ఆరు ఇళ్ళు మానేశాయి. రెండు నెలలు తిరక్కుండానే టమేటా మళ్ళీ నేలకి దిగింది. అప్పుడు మిగిలినవాళ్ళు "బయట ఇంత చవగ్గా ఉంటే నీ బుట్ట 399 ఏంటి?" అన్నారు.

"బావా, ఎక్కినప్పుడు వాళ్ళకి ఒప్పందం గుర్తొస్తాది, దిగినప్పుడు మార్కెట్ గుర్తొస్తాది" అన్నాడు మావాడు. ఆ ఆరిళ్ళలో మా ఫ్లాటు కూడా ఉండుంటే నేనూ అదే అనేవాణ్ణేమో.

జపాన్‌లో 1970ల్లో 'తెఇకెఇ' అని ఇలాంటిదే మొదలైంది. గృహిణులూ రైతులూ కలిసి, పంట బాగున్నా లేకున్నా పంచుకుందాం అని ఒప్పందం చేసుకున్నారు. అమెరికాలో 1980ల నుంచి ఇలాంటి పొలం చందాలు నడుస్తున్నాయి. అక్కడ చందా అంటే రైతు నష్టంలో కూడా వాటా. మనకి అలాంటి చందా కావాలా అంటే, నిజాయితీగా, వద్దు. మనకి తగ్గింపు కావాలి. పెద్ద సైట్లవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వాళ్ళు ధరని ఖాయం చెయ్యరు, తగ్గింపు శాతాన్ని మాత్రమే చూపిస్తారు. పది శాతం తగ్గింపు, కానీ దేని మీద పది శాతం? డబ్బా బయల్దేరే రోజున ఉన్న ధర మీద. నా పాత బిల్లులు తిరగేస్తే, అదే నూనె ఒక నెలకీ ఇంకో నెలకీ పద్దెనిమిది రూపాయలు తేడా ఉంది. పది శాతం ఆదా అయిందనుకుంటున్న నెలలో నిజానికి శెట్టి దగ్గరే చవక. నేను చూడలేదు, ఎందుకంటే చూడక్కర్లేకుండా ఉండటం కోసమే కదా అది పెట్టుకుంది!

ఇక ఆ కంపెనీ రేపు ఉంటుందా అనేది ఇంకో ప్రశ్న. ఇంటికి సరుకులు అనగానే మన రంగంలో పాతవాళ్ళకి వెబ్‌వాన్ గుర్తొస్తుంది. 1999లో డెలివరీలు మొదలెట్టి 2001 జూలైకల్లా దివాలా తీసింది. మన దగ్గర పొద్దున్నే పాలు తెచ్చే సూపర్ డైలీ 2022లో హైదరాబాద్, చెన్నై సహా అయిదు నగరాల్లో ఆగిపోయింది. అలాగని అన్నీ మునిగిపోలేదు. 1999లో బెంగుళూర్లో ఫ్యాబ్‌మార్ట్ పెట్టినవాళ్ళే 2011లో బిగ్‌బాస్కెట్ పెట్టి నిలబెట్టారు. అయితే కంపెనీ మారితే మన ఇంటి అలవాటు మళ్ళీ మొదట్నుంచీ నేర్పుకోవాలి.

ఇంత చెప్పి, మా ఇంట్లో సబ్‌స్క్రిప్షన్ లేదనుకునేరు. ఉంది. బెంగుళూర్లో పాలు, గుడ్లు, తాగేనీళ్ళు చందా మీదే వస్తాయి. మేమిద్దరం ఉద్యోగాలకి పోతాం. పొద్దున ఆరింటికి తలుపు తగిలించిన సంచిలో పాలు ఉండటం కంటే గొప్ప ఆవిష్కరణ నాకు తెలీదు. ఊరెళ్తే ముందురోజు రాత్రి ఆపుతాం. తేడా వస్తే మర్నాడే తెలుస్తుంది, నెలాఖరుకి కాదు. అక్కడ పనిచెయ్యడానికి కారణం అదే. రోజూ దాదాపు ఒకే కొలత, వెంటనే వాడేస్తాం, ఎక్కువైతే ఫ్రిజ్ తెరవగానే కనపడుతుంది, ఆపే మీట వాడేవాళ్ళ చేతిలోనే ఉంది.

సబ్బుపొడి లాంటివి పాడవ్వవు కాబట్టి చందాకి తగినవే, అయితే నెలకోసారి కాదు, మూడు నెలలకోసారి. పప్పులు, పిండి, మసాలాలు మాత్రం చూసి కొనాల్సినవి. నెలకి ఓ రెండు మూడొందలు మిగులుతాయని వాటిని గడియారానికి అప్పజెప్పడం నాకు గిట్టుబాటు కాలేదు. రెండున్నరేళ్ళలో మొత్తం మిగిలింది ఎనిమిది, తొమ్మిది వేలు. ఆ మూడు నెలల డబ్బాల్లోనే నాలుగు వేల పైన సరుకు ఉండిపోయింది. లెక్క మీరే వేసుకోండి.

మదనపల్లెలో ఇప్పుడు అమ్మ ఏం చేస్తోందంటే... బరువైనవి, అంటే బియ్యం మూట, నూనె డబ్బా కావాలన్నప్పుడు శెట్టికి ఫోన్ చేస్తుంది. కుర్రాడు టీవీఎస్ మీద తెచ్చి వంటింట్లో దించిపోతాడు. శెట్టి ఏం ధర్మసత్రం నడపట్లేదు, కొన్నిటికి సైటు కంటే ఎక్కువే వేస్తాడు, అమ్మ బేరమాడుతుంది. తేలికైనవి తనే సాయంత్రం నడిచిపోయి తెచ్చుకుంటుంది. డబ్బు తన పెన్షన్‌లోంచి తనే కడుతుంది. నేను కడతానంటే "మీ నాయన పెన్షను నేనేం చేసుకోను" అని కసిరింది. ఆ పన్నెండు ప్యాకెట్ల బిస్కెట్లు మా అక్క పుంగనూరు తీసుకెళ్ళింది. ఏం చేసిందో నేను అడగలేదు.

నా ఫోన్లో మాత్రం నెల మొదటి శనివారానికి ఒక రిమైండర్ ఉంది. ఆకుపచ్చ టిక్కు వచ్చే రోజుల్లో అదే సమయానికి వచ్చేది. ఇప్పుడు అది మోగగానే అమ్మకి ఫోన్ చేసి "ఈ నెల ఏం తెచ్చుకున్నావమ్మా" అని అడుగుతాను. బేడల ధర దగ్గర మొదలై, పక్కింటి పెళ్ళి మీదుగా నలభై నిమిషాలు పోతుంది. క్రితం నెల చెనక్కాయ నూనె వద్దంది. కాళ్ళు వాస్తున్నాయట, డాక్టరు నూనె తగ్గించమన్నాడట. డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టే నాకు తెలీదు. ఆ శనివారమే వెళ్ళొచ్చాను.

కాబట్టి తమ్ముడూ, పెట్టు, తప్పులేదు. మీ నాన్న మోకాళ్ళకి అవసరమైతే తప్పకుండా పెట్టు. కానీ ముందు నాన్నని అడుగు, బరువైనవీ పాడవనివీ మాత్రమే పెట్టు, ఆపడం ఆయనకి నేర్పించు. వచ్చిన ప్రతి డబ్బాకీ ఒక ఫోన్ నువ్వు చెయ్యి. ఇంకోటి, ఈసారి ఊరెళ్ళినప్పుడు మంచం కింద ఒకసారి చూడు.